దారిలో బండి ఆగిపోయినవాళ్లకి సాయం చేయాలంటే: ఆగడం దగ్గర్నుంచి బయల్దేరేదాకా

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు కార్లో వెళ్లినవాళ్లు ఇది చూసే ఉంటారు. పంతంగి టోల్‌గేట్ దాటాక చిట్యాలో నకిరేకలో సూర్యాపేటో, ఎక్కడో ఒక చోట రోడ్డు పక్కన బోనెట్ ఎత్తిన కారు ఉంటుంది, పక్కన ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్న మనిషి, వెనక సీట్లో పిల్లలు, ముసలివాళ్లు. మనం తొంభై మీద పోతుంటాం, ఆగుదామా వద్దా అనుకునేలోపే దాటిపోతాం. ఆగనివాళ్లకి మనసు లేదని నేను అనుకోను. ఆగితే ఏం చేయాలో తెలియదు, బండి రిపేరు రాదు, పైగా వాళ్లెవరో ఏమిటో అని భయం. ఈ మూడింటికీ పద్ధతి ఉంది, అదే ఇక్కడ రాస్తున్నాను. రిపేరు రాదని మాత్రం వెనక్కి తగ్గకండి. రోడ్డు మీద ఆగిపోయినవాళ్లకి ముందుగా కావాల్సిన పనుల్లో మెకానిక్ పని ఒక్కటీ ఉండదు.

ఎక్కడ ఆపాలి

సాయం చేద్దామని సడెన్ బ్రేకు వేసి వెనక వచ్చే లారీకి అడ్డం పడొద్దు. దాటిపోతే దాటిపోయారు, ఇండికేటర్ వేసి మెల్లగా ఎడమకి వచ్చి, ఆగిపోయిన బండికి ముందు వైపు, తారు రోడ్డు పూర్తిగా దిగి ఆపండి, అక్కణ్ణుంచి వెనక్కి నడిచి వెళ్లండి. హైవే మీద రివర్స్ తీయడం మాత్రం వద్దే వద్దు. మలుపు, వంతెన, ఫ్లైఓవర్, ఘాట్ రోడ్డు దిగుడు, ఇలాంటి చోట్ల ఆపడానికి జాగా లేకపోతే ఆపకండి. కొంచెం ముందుకెళ్లి సురక్షితమైన చోట ఆగి ఫోన్ చేయండి, అదీ సాయమే.

డబుల్ ఇండికేటర్లు వేయండి. మీ బండిలో ఉన్నవాళ్లని ఎడమ వైపు తలుపు నుంచే దింపండి, కుడి వైపు తలుపు తెరిస్తే అది రోడ్డు మీదకే తెరుచుకుంటుంది. రాత్రయితే టార్చి చేతిలో పట్టుకోండి, లేకపోతే ఫోన్ లైటైనా సరే, ముదురు రంగు చొక్కాలో మనిషి హెడ్‌లైట్ వెలుగులోకి వచ్చేదాకా డ్రైవర్‌కి కనపడడు.

దగ్గరికి వెళ్లే ముందు మాట

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే మంచి మనసుతో ఆగినవాళ్లు కూడా ఇక్కడే ఎదుటివాళ్లని భయపెట్టేస్తారు. మీకు వాళ్లు కొత్త అయితే వాళ్లకీ మీరు కొత్తే, పైగా ఇబ్బందిలో ఉన్నది వాళ్లు, వెళ్లిపోవడానికి బండి ఉన్నది మీకు. అందుకని ఓ పది అడుగుల దూరంలో ఆగి, చేతులు కనపడేలా పెట్టుకుని, కాస్త గట్టిగా అడగండి. "ఏమైందన్నా, ఏమన్నా సాయం కావాలా?" అంటే చాలు. గోదావరి జిల్లాల్లో అయితే "ఏమైందండీ, బండి ఆగిపోయిందా?" అంటారు. వాళ్లు "వద్దండీ, మావాళ్లు వస్తున్నారు" అంటే బలవంతం చేయకండి. నీళ్లున్నాయా అని అడగండి, హైవే హెల్ప్‌లైన్ నంబరు 1033 చెప్పండి, వచ్చేయండి. సాయం వద్దనే హక్కు వాళ్లకుంది, దానికి నొచ్చుకోకూడదు.

ఒంటరిగా ఉన్నది ఆడమనిషి అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి, దానికి కారణం మనందరికీ తెలుసు. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి స్కూటర్ టైరులో గాలి తీసేసి, సాయం చేస్తామంటూ దగ్గరికి వచ్చినవాళ్లే ఆమె ప్రాణం తీశారని పోలీసులు చెప్పారు. ఆ తర్వాత రోడ్డు మీద ఆగిపోయిన ఏ అమ్మాయైనా దగ్గరికొచ్చే మగవాణ్ణి అనుమానంగా చూస్తే, అది ఆమె తప్పు అసలే కాదు. ఆ భయాన్ని పోగొట్టే పని మనదే. "ఒక్కరే ఉన్నారా?", "ఎక్కడికి వెళ్తున్నారు?", "ఇల్లెక్కడ?" లాంటి ప్రశ్నలు వేయొద్దు, మీరు ఎంత మంచిగా అడిగినా అవి ఆమెని ఇంకా కంగారు పెడతాయి. ఇలా చెప్పండి: "అమ్మా, మీరు అద్దం దించక్కర్లేదు. పోలీసులకి, 112కి ఫోన్ చేయండి, కావాలంటే నేను చేస్తాను. నా బండి నంబరు ఫొటో తీసి మీ ఇంట్లోవాళ్లకి పంపండి. ఎవరైనా వచ్చేదాకా నేను అక్కడ, నా బండి దగ్గరే ఉంటాను." చెప్పి నిజంగానే వెనక్కి వెళ్లి నిలబడండి. మీ కార్లో మీ ఆవిడో చెల్లెలో అమ్మో ఉంటే వాళ్లే వెళ్లి మాట్లాడడం అన్నిటికంటే మంచిది. లిఫ్ట్ ఇస్తానని మాత్రం మీరై మీరు అనకండి. ఆమె అడిగితే అప్పుడు ఆలోచించండి, అదీ దగ్గర్లో ఉన్న పెట్రోల్ బంకు దాకానో టోల్‌గేట్ దాకానో, నలుగురు మనుషులున్న చోటు దాకా.

మీ భయం సంగతి కూడా చెప్పాలి, అది తప్పేమీ కాదు. అర్ధరాత్రి, మనుషులు తిరగని చోటు, చెట్ల చాటున ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడ్డట్టు అనుమానం వస్తే ఆగకండి. నేరుగా ముందుకెళ్లి 112కి ఫోన్ చేసి ఫలానా కిలోమీటరు రాయి దగ్గర ఒక బండి ఆగి ఉంది, చూడండి అని చెప్పండి. ఆగలేదే అన్న బాధ మనసులో పెట్టుకోవడం కంటే ఆ రెండు నిమిషాల ఫోన్ ఎంతో మేలు, అది చేస్తే మీరు మీ వంతు చేసినట్టే.

మొదటి పని: ఇంకో ప్రమాదం జరక్కుండా చూడడం

ఆగిపోయిన బండి చుట్టూ ఉన్న అసలు గండం రిపేరు కాదు, వెనక నుంచి వచ్చే బండి. గంటకి ఎనభై కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు ఒక్క సెకనులో 22 మీటర్లు వస్తుంది. డ్రైవర్ చూసి, కాలు బ్రేకు మీదకి తెచ్చి, బండి పూర్తిగా ఆగేసరికి యాభై మీటర్లకి పైగా అయిపోతుంది, లోడు లారీకి ఇంకా ఎక్కువ. కాబట్టి కొత్త కారుతో పాటు ఇచ్చే ఎర్ర ట్రయాంగిల్‌ని బండి వెనకే పది అడుగుల్లో పెడితే లాభం లేదు. మామూలు రోడ్డు మీద కనీసం యాభై మీటర్లు, హైవే మీద వంద మీటర్లు వెనక్కి పెట్టాలి. మలుపు ఉంటే మలుపు మొదట్లోనే పెట్టాలి. మంచి పొడుగు అడుగు ఒక మీటరుకి కాస్త తక్కువ ఉంటుంది, నూట ఇరవై అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవండి. నడిచేటప్పుడు రోడ్డు అంచు దిగి, వచ్చే బండ్లకి ఎదురుగా ముఖం పెట్టి నడవండి.

ట్రయాంగిల్ లేకపోతే లారీవాళ్లు చేసే పని చేయొచ్చు, ఆకులున్న చెట్టు కొమ్మలు విరిచి వెనక వరసగా పెడతారు. రాత్రి పూట అవి కనపడవు, అప్పుడు మీ బండి డబుల్ ఇండికేటర్లు, టార్చి తప్ప గతి లేదు. రాళ్లు పెట్టొద్దు. పెడితే వెళ్లేటప్పుడు తీసేయాలి. బండి బాగయ్యాక రాళ్లు రోడ్డు మీదే వదిలేసి వెళ్లేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఆ రాత్రే ఏ బైకు కుర్రాడో దాని మీద ఎక్కి పడతాడు.

బండిని తోసి రోడ్డు దింపగలిగితే దింపండి. దింపలేకపోతే లోపల ఎవరినీ కూర్చోబెట్టొద్దు, పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఎడమ వైపు దింపి ఇనుప రైలింగ్ ఉంటే దాని అవతల, లేకపోతే బండికి దూరంగా గట్టు మీద కూర్చోబెట్టండి. వాన పడుతున్నా సరే, గొడుగో టార్పాలినో ఇవ్వండి కానీ, రోడ్డు మీద నిలిచిన కారులో మాత్రం కూర్చోనివ్వొద్దు. రెండు బండ్ల మధ్యలో ఎవరూ నిలబడకూడదు, ఫోన్ మాట్లాడడానికి కూడా.

ఏప్రిల్, మే ఎండల్లో అయితే ఇంకో సంగతి. రామగుండం, రెంటచింతల వైపు ఆ రోజుల్లో బయట నిలబడితేనే కళ్లు తిరుగుతాయి. ఏసీ లేకుండా ఆగిన కారు కాసేపట్లోనే పొయ్యిలా తయారవుతుంది. ఏం అడిగే ముందైనా నీళ్ల బాటిల్ చేతికివ్వండి, చంటిపిల్లలుంటే మీ కార్లో ఏసీ వేసి తల్లినీ పిల్లనీ కూర్చోమనండి, మీరు బయట ఉండండి. రిపేరు తర్వాత.

ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చెప్పాలి

జాతీయ రహదారి మీద అయితే 1033. ఇది జాతీయ రహదారుల సంస్థ హెల్ప్‌లైన్, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. టోల్ రోడ్ల మీద గస్తీ తిరిగే బండి, క్రేను, అంబులెన్స్ ఉంటాయి. టోల్ కట్టే మనలో చాలామందికి ఈ నంబరే తెలియదు. పోలీసు సాయం కావాలంటే 112, దెబ్బలు తగిలితే 108.

ఫోన్‌లో అందరూ తడబడేది "ఎక్కడున్నారు" అన్న దగ్గరే. "సూర్యాపేట దాటాక ఒక ధాబా ఉంది కదా" అంటే ఎవరికీ అర్థం కాదు. కిలోమీటరు రాయి చూడండి, తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. దాని మీద అంకె ఉంటుంది, రాళ్ల మధ్యలో చిన్న రాళ్లు కూడా ఉంటాయి. "65వ నంబరు జాతీయ రహదారి, కిలోమీటరు ఇంత, విజయవాడ వైపు వెళ్లే రోడ్డు" అని చెప్పండి. ఏ వైపు రోడ్డో చెప్పడం మర్చిపోవద్దు, మధ్యలో డివైడర్ ఉంటే తప్పు వైపు వచ్చిన క్రేను తిరిగి రావడానికి ఎక్కడో యూటర్న్ దాకా పోవాలి.

సిగ్నల్ లేని చోట్ల మీ సాయం అంటే కబురు మోసుకెళ్లడమే. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటితే నల్లమల అడవి, చాలా దూరం ఫోన్ పనిచేయదు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లని లోపలికి వదలరు. అంటే చీకటి పడే ముందు అక్కడ ఆగిపోయినవాళ్ల వెనక ఇంకో బండి వస్తుందన్న నమ్మకం లేదు. అలాంటి చోట మీరు దాటిపోకూడదు. పేరు, బండి నంబరు, సమస్య, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాయించుకుని, వచ్చే చెక్‌పోస్టులో చెప్పి, సిగ్నల్ రాగానే ఆ ఇంటికి ఫోన్ చేయండి. కార్లో జాగా ఉంటే వాళ్లలో ఒకర్నో అందర్నో ఎక్కించుకోండి. అడవిలో బండి దిగి దూరం నడవొద్దని చెప్పండి.

ఇక బండి సంగతి

పంక్చర్ అయితే స్టెప్నీ మార్చడం అరగంట పని, కానీ వరుస తప్పితే గంటన్నర. మొదట హ్యాండ్ బ్రేకు, గేరులో పెట్టడం, ఎదురు మూల చక్రానికి అటూ ఇటూ రాయి. తర్వాత జాకీ ఎత్తకముందే నట్లు సగం చుట్టు వదులు చేయాలి, ఎత్తాక చేస్తే చక్రం తిరుగుతుంది, బండి జాకీ మీద నుంచి జారుతుంది. నట్లు బిగుసుకుపోయి ఉంటాయి, చేతులతో రావు, స్పానర్‌ని ఎడమ వైపుకి చాచి పెట్టి దాని మీద కాలితో తొక్కండి. జాకీ పెట్టే చోటు అంచు కింద గాడిలా తెలుస్తుంది, ఎక్కడ పడితే అక్కడ పెడితే రేకు వంగుతుంది. నేల మెత్తగా ఉంటే జాకీ కింద పలక పెట్టండి. తీసిన టైరుని కారు కిందికి తోసి ఉంచండి, జాకీ జారినా మనిషి మీద పడదు. కొత్త చక్రం నట్లు ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించి, బండి దించాక మళ్లీ ఒకసారి గట్టిగా బిగించండి. అంతా చేశాక స్టెప్నీలో గాలి లేదని తెలిసి కూలబడ్డవాళ్లు చాలామంది. అప్పుడు ఒక లారీని ఆపండి. ఎయిర్ బ్రేకులున్న లారీలో గాలి ట్యాంకు ఉంటుంది, చాలామంది డ్రైవర్ల దగ్గర దాని పైపు కూడా ఉంటుంది, అడిగితే కాదనరు. నా అనుభవంలో రోడ్డు మీద సాయం విషయంలో లారీ డ్రైవర్లని మించినవాళ్లు లేరు, రోజంతా రోడ్డు మీద బతికేవాళ్లు కదా, ఆగిపోవడం అంటే ఏమిటో వాళ్లకి తెలుసు.

సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మంటోందంటే బ్యాటరీ. జంపర్ కేబుళ్లు ఉంటే ఎర్ర వైరు ఒక కొస చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఆగిన కారు ఇంజిన్ మీద రంగు లేని ఇనుము దగ్గర, బ్యాటరీకి దూరంగా. మంచి బండి స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఉంచి రెండోది స్టార్ట్ చేయండి, తీసేటప్పుడు పెట్టిన వరసకి తిరగేసి తీయండి. ఇక్కడ ఒక హెచ్చరిక: లారీ డ్రైవర్ మంచి మనసుతో "మా బ్యాటరీ నుంచి ఇస్తాను" అంటే దండం పెట్టి వద్దనండి, లారీలది 24 వోల్టులు, కారుది 12, కారులో ఎలక్ట్రానిక్స్ మాడిపోతాయి. కేబుళ్లు లేకపోతే తోసి స్టార్ట్ చేయొచ్చు, తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి, వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. ఆటోమేటిక్ గేరు బండ్లకి ఇది పనికిరాదు.

బోనెట్ నుంచి ఆవిరి వస్తుంటే ఎవరు ఎంత తొందరపడ్డా రేడియేటర్ మూత తీయనివ్వకండి. లోపల మరిగే నీళ్లు ఒత్తిడితో ముఖం మీదకి చిమ్ముతాయి. కనీసం అరగంట ఆగాలి, మందపాటి గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. కూలెంట్ లేకపోతే మంచినీళ్లు పోసి దగ్గర్లో ఉన్న మెకానిక్ దాకా ఏసీ ఆపేసి వెళ్లొచ్చు. నీళ్లు పోసింది పోసినట్టే కింద కారిపోతుంటే స్టార్ట్ చేయొద్దని చెప్పండి, ఇంజినే పోతుంది.

తాడు కట్టి లాగాల్సి వస్తే తాడు అయిదు మీటర్లు మించకుండా, వేగం పాతిక దాటకుండా చూసుకోండి. కారుతో ఇచ్చిన టూల్ కిట్‌లో ఒక ఇనుప కొక్కెం ఉంటుంది, ముందు బంపర్‌లో చిన్న మూత తీసి దాన్ని బిగించి దానికే కట్టాలి. లాగబడే బండిలో తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ అవుతుంది. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు, స్టీరింగ్ రెండూ రాయిలా ఉంటాయి, ఆ సంగతి ఆ డ్రైవర్‌కి ముందే చెప్పండి. ఆటోమేటిక్, ఎలక్ట్రిక్ కార్లని తాడుతో లాగొద్దు, క్రేను రావాల్సిందే.

బైకులు

మన ఊళ్లలో రోజూ కనిపించే సాయం ఇదే. బైకు తోసుకుంటూ వెళ్తున్నవాణ్ణి చూసి వెనక నుంచి ఇంకో బైకు కుర్రాడు "కూర్చో అన్నా, నేను తోస్తా" అంటాడు. తెలియని మనిషి కోసం కాలు చాపి రెండు మూడు కిలోమీటర్లు తోసుకుంటూ పెట్రోల్ బంకు దాకా తీసుకెళ్లి, థాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోయే ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకు మనసు నిండిపోతుంది. కానీ అందులో ప్రమాదం ఉంది కాబట్టి పద్ధతి తెలుసుకోండి. హైవే మీద వద్దు, సర్వీసు రోడ్డు మీదో ఊళ్లోనో మాత్రమే. తోసేవాడు కుడి వైపు కొంచెం వెనకగా ఉండి ఎడమ కాలు వాడాలి, కుడి కాలు బ్రేకు మీద ఉండాలి కదా. కాలు వెనక మనిషి కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ మీదే పెట్టాలి, సైలెన్సర్ మీద పెడితే చెప్పు కరుగుతుంది, కాలు జారుతుంది. తోసేవాడు తన గేరు ముందే రెండులో వేసుకుని అలాగే వెళ్లాలి. ముందున్న బైకు న్యూట్రల్‌లో ఉండాలి, ఆపే ముందు అతను చెయ్యెత్తాలి, స్పీడ్ బ్రేకర్ రాగానే కాలు తీసేయాలి. ఇద్దరికీ హెల్మెట్.

పెట్రోల్ సీసాలో తెచ్చి ఇద్దామంటే చాలా బంకుల్లో సీసాల్లో పోయరు, గొడవ పడొద్దు, బండినే బంకు దాకా చేర్చే మార్గం చూడండి. స్కూటర్ల బెల్టు తెగితే, బైకు క్లచ్ వైరు తెగితే రోడ్డు మీద చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు. ఎవరింటి ముందో, కిరాణా కొట్టు ముందో పెట్టించి, ఆ ఇంటివాళ్లకి ఒక మాట చెప్పి, మనిషిని బస్సెక్కించండి. పల్లెల్లో ఇలా అడిగితే బండి తీసుకుని లోపల పెట్టేవాళ్లే ఎక్కువ. చార్జింగ్ అయిపోయిన ఎలక్ట్రిక్ స్కూటర్ అయితే చార్జర్ వెంట ఉందా అడిగి, టీ కొట్టు ఉంటే అక్కడికి చేర్చండి, మామూలు ప్లగ్ చాలు. కరెంటు ఖర్చు ఇవ్వమని చెప్పడం మర్చిపోకండి.

వాన, వరద

నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయనివ్వొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, అది చాలా పెద్ద ఖర్చు. తోసి బయటికి తెచ్చి వదిలేయమనండి.

పారే నీళ్లయితే అసలు లెక్కే వేరు. అర అడుగు నీళ్లు మనిషిని పడగొడతాయి, అడుగు నీళ్లకి చిన్న కారు తేలుతుంది, రెండడుగులు పెద్ద కార్లని కూడా లాక్కుపోతాయి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో కార్లు కొట్టుకుపోవడం టీవీల్లో చూశాం. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే సుభాన్ ఖాన్ అనే జేసీబీ డ్రైవర్ తన జేసీబీ వేసుకుని వెళ్లి వాళ్లని తెచ్చాడు, ఆయన ధైర్యానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ ఆయన చేతిలో ఉన్నది జేసీబీ, ఆ పని తెలిసినవాడు ఆయన. కార్లోనో బైకు మీదో మనం నీళ్లలోకి దిగితే కాపాడాల్సినవాళ్లు ఇంకొకరు పెరుగుతారు. తాడు ఉంటే గట్టు మీద నుంచే విసరండి, ఊళ్లో ట్రాక్టర్ ఉన్నవాళ్లకి కబురు పెట్టండి, 112కి చెప్పండి, వెనక వచ్చే బండ్లని నీళ్ల దగ్గరికి రాకముందే ఆపండి. ఈ ఆఖరి పని ఒక్కటి చేసినా ప్రాణాలు నిలుస్తాయి. అవే రోజుల్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకే నీళ్లు వచ్చి వందల బండ్లు నిలిచిపోయాయి. అలా గంటల తరబడి నిలిచిపోయినవాళ్లకి కావాల్సింది పులిహోర పొట్లం, మంచినీళ్లు, ఆడవాళ్లకి బాత్రూమ్. మీ ఇల్లు హైవే పక్కనే అయితే ఆ మూడో దాని గురించి తప్పకుండా ఆలోచించండి, నోరు తెరిచి అడగలేక వాళ్లు ఎంత అవస్థ పడతారో!

అది రిపేరు కాక యాక్సిడెంట్ అయితే

పోలీసు కేసులు, కోర్టుల చుట్టూ తిరగడం, ఈ భయంతోనే మనవాళ్లు వెనకాడతారు. ఆ భయానికి ఇప్పుడు కారణం లేదు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయం చేసినవాళ్లకి రక్షణ ఉండాలని తేల్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు, అడ్రస్ చెప్పమని బలవంతం చేయకూడదు, ఆస్పత్రిలో ఉండిపొమ్మని అడగకూడదు. తీవ్రంగా గాయపడ్డవాళ్లని మొదటి గంటలోపు ఆస్పత్రికి చేర్చినవాళ్లకి కేంద్రం 25 వేల రూపాయల బహుమతి కూడా పెట్టింది. 108కి ఫోన్ చేయండి, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి, మెడకి దెబ్బ తగిలిందనిపిస్తే మంటలు లాంటి గండం ఉంటే తప్ప కదపకండి, నోట్లో నీళ్లు పోయకండి.

ఆగింది మీ బండే అయితే

మొహమాటపడకండి. బోనెట్ ఎత్తి పెట్టండి, రోడ్డు దిగి నిలబడి చెయ్యి ఊపండి, సమస్య ఒక్క మాటలో చెప్పండి. ఆగినవాళ్లకి "పంక్చర్ అన్నా, జాకీ లేదు" అని వినపడితే తమవల్ల అవుతుందో కాదో వాళ్లకి వెంటనే తెలుస్తుంది. డబ్బు విషయం: దారినపోయే మనిషి తీసుకోడు, జేబులో కుక్కి అవమానించొద్దు, టీ ఇప్పించండి. కానీ నిద్రలో లేపితే వచ్చిన పంక్చర్ షాపు అతని దగ్గర బేరమాడొద్దు, అది అతని బతుకుతెరువు, అర్ధరాత్రి వచ్చినందుకు రెట్టింపు ఇచ్చినా తప్పులేదు.

బయల్దేరే ముందు

బాగుచేశాం కదా అని వెంటనే వెళ్లిపోకండి. వాళ్లని ముందు వెళ్లనిచ్చి మీరు మీ బండిలో వెనకే నాలుగైదు కిలోమీటర్లు వెళ్లండి, స్టెప్నీ నట్టు వదులైనా, ఇంజిన్ మళ్లీ వేడెక్కినా ఆ దూరంలోనే తెలుస్తుంది. స్టెప్నీ మీద ఎనభై దాటొద్దని, దారిలో మొదటి పంక్చర్ షాపులోనే అసలు టైరు వేయించుకోమని చెప్పండి. రాత్రయితే ఎక్కడ టీకి ఆగొచ్చో, ఏ బంకులో లైట్లుంటాయో మీకు తెలిసింది చెప్పండి. రోడ్డు మీద పెట్టిన కొమ్మలు తీసి గట్టు అవతల పడేయండి. జాకీ, స్పానర్ ఎవరివి వాళ్ల డిక్కీలోకి చేరాయో చూసుకోండి. ట్రయాంగిల్ అన్నిటికంటే ఆఖర్న తీయాలి, రెండు బండ్లూ స్టార్ట్ అయి, మనుషులంతా ఎక్కి కూర్చున్నాక ఒక్కరే వెళ్లి తెచ్చుకోండి.